టీకాల సంగతి

రాయచూరు జిల్లాలో పోతనాళ ఊరు దాటి కాలువ గట్టు వెంట పోతే ఒక కూలీల క్యాంపు ఉండేది. ఆ క్యాంపులో బడంటే ఒక రేకుల షెడ్డు. కాలువ తవ్వేటప్పుడు సిమెంటు బస్తాలు దాచుకున్న షెడ్డునే తర్వాత బడి చేశారు. రాయచూరులో పుట్టి పెరిగిన గిరిజమ్మ ఆ బడికి పంతులమ్మగా వచ్చి రెండేళ్లు కావస్తోంది.

పిల్లల తల్లిదండ్రులు తెలంగాణ సరిహద్దు ఊళ్ల నుంచి మట్టి పనికి వచ్చి, నీళ్లు పారాక నాట్లకూ కోతలకూ అక్కడే నిలిచిపోయినవాళ్లు. తెల్లారేసరికి పొలాల్లో ఉండేవారు. బడి గడప తొక్కే తీరిక వాళ్లకు లేదు. చీటీ రాసి పంపినా చదవగలిగినవాళ్లు లేరు. అందుకే వాళ్లు ఇళ్లకు మళ్లే వేళకు గిరిజమ్మ కాలువ వంతెన దగ్గర నిలబడి, ఎవరి బిడ్డ సంగతి వాళ్లకు చెప్పేది. ఎవరికి గుణింతాలు వచ్చాయో, ఎవరు కిందపడి మోకాలు చెక్కుకున్నారో, ఆఖరికి తాను ఎవరిని బెత్తంతో కొట్టిందో కూడా దాచేది కాదు. మొదట్లో నవ్వుకున్న ఆడవాళ్లు పోనుపోను ఆ నాలుగు మాటలూ వినందే వంతెన దాటేవారు కాదు.

మాఘమాసంలో పక్క క్యాంపులో అమ్మవారు పోసింది. కొందరు పిల్లలు పోయారని కబురు తెలిసిన రెండో రోజే ఆరోగ్యశాఖ అధికారి జీపులో బడికొచ్చాడు. మర్నాడు పొద్దున వచ్చి పిల్లలందరికీ టీకాలు వేస్తామన్నాడు. తల్లిదండ్రులకు మాత్రం ముందుగా తెలియకూడదన్నాడు. వేరే ఊళ్లో తెలిసి, పిల్లల్ని జొన్న చేలల్లో దాచారట. తలుపు వేసి పని కానిచ్చేద్దాం, తర్వాత మీరే సర్దిచెప్పుకోండి అని కన్నడంలో మెత్తగానే చెప్పాడు గానీ, మాట బయటికి పొక్కితే బాధ్యత మీదేనని కూడా అన్నాడు.

ఆయన మాటలో అబద్ధం లేదని గిరిజమ్మకు తెలుసు. చెబితే కొందరు పారిపోతారు. పారిపోయినవాళ్లలో ఎవరికైనా అమ్మవారు పోస్తే? చెప్పకపోతే రేపటి నుంచి ఏ తల్లి తన మాట నమ్ముతుంది?

ఆ సాయంత్రం ఆమె ఎప్పటిలాగే వంతెన దగ్గర నిలబడింది. ముందు వచ్చినవాళ్లకు పాఠాల సంగతే చెప్పి పంపేసింది. వాళ్లు వెళ్తుంటే వీపులు చూడలేక కాలువ నీళ్ల వైపు తిరిగింది. వాళ్ల వెనకే కాళ్లకు బురదతో సుంకవ్వ వచ్చింది. ఆమె కూతురు రెండో తరగతి.

"ఏంది పంతులమ్మా, పొద్దుగాల బడికి జీపొచ్చిందంట?" అని అడిగింది.

గిరిజమ్మ నీళ్ల వైపు నుంచి ఇటు తిరిగింది. తర్వాత వెళ్లిపోయినవాళ్లను కేకేసి వెనక్కి పిలిచింది.

"రేపు పిల్లలకు అమ్మవారి టీకాలేస్తరు. మీకు చెప్పొద్దన్నరు. నేను చెప్తున్న."

గుంపంతా దగ్గరికి జరిగింది. సుంకవ్వే మళ్లీ నోరు విప్పింది.

"జరమొస్తదా?"

"వస్తది. చెయ్యి వాస్తది, పుండైతది, మచ్చ పడ్తది. టీకా లేకుంట అమ్మవారు పోస్తే ఏమైతదో పక్క క్యాంపుల చూసిన్రు గద."

వెనక నుంచి అయ్యప్ప ముందుకు వచ్చాడు. అతని కొడుకులిద్దరూ ఆ బడిలోనే చదువుతున్నారు. తన అన్న బిడ్డకు టీకా వేస్తే చెయ్యి చీము పట్టి, ఆ పిల్ల బతకలేదని నెమ్మదిగా, ఎవరినీ తిట్టకుండా చెప్పాడు. అలా జరగదని ఒట్టేసి చెప్పగలవా అని అడిగాడు. గిరిజమ్మ ఒట్టు వేయలేకపోయింది. చాలామందికి ఏమీ కాదని మాత్రం అంది. అతను తలూపి వెళ్లిపోయాడు.

మర్నాడు జీపు వచ్చేసరికి షెడ్డులో ఒక్క పిల్లా లేదు. అధికారి ఖాళీ చాపల వైపు చూసి, ఆమె వైపు చూశాడు. ఏం జరిగిందో ఆయన అడగకముందే ఆమే చెప్పేసింది. ఆయన ముఖం ఎర్రబడింది. పోలీసులను వెంటబెట్టుకుని గుడిసె గుడిసెకూ వెళ్తానన్నాడు. గిరిజమ్మ గుమ్మంలో నిలబడి, కాస్త ఆగమని బతిమాలింది. ఎండ రేకుల మీదికెక్కింది. టీకాలు వేసే మనిషి తన పెట్టె మూసి తాళ్లు బిగించడం మొదలుపెట్టాడు. తన నోటితో తానే పిల్లల ప్రాణాల మీదికి తెచ్చానేమో అనుకుంటూ గిరిజమ్మ గుమ్మం దిగి దారి వైపు చూసింది.

అప్పుడు గట్టు మీద సుంకవ్వ కనిపించింది. కూతురి చెయ్యి పట్టుకుని, ఆ రోజు కూలి పోగొట్టుకుని వస్తోంది. వెనక ఇంకో పదిమంది, వాళ్ల వెనక ఇంకొందరు.

"తలుపు తీసే ఉండాలె. మా ఒళ్లోనే కూసోబెట్టుకుంటం," అంది సుంకవ్వ.

అధికారికి ఇష్టం లేకపోయినా ఒప్పుకోక తప్పలేదు. పిల్లలు ఏడ్చారు, తల్లులూ కళ్లు తుడుచుకున్నారు, అయినా ఎవరూ లేచి పోలేదు. మధ్యాహ్నానికి దాదాపు క్యాంపు పిల్లలందరికీ టీకాలు పడ్డాయి. అయ్యప్ప గుడిసెకు మాత్రం తాళం వేసి ఉంది. పెళ్లాం పిల్లలతో తెల్లారగట్లే ముదగల్ వైపు బస్సెక్కాడని ఎవరో చెప్పారు.

ఆ వారమంతా పిల్లలు జ్వరాలతో మూలిగారు. గిరిజమ్మ గుడిసెలన్నీ తిరిగి చేతులు చూసి వచ్చింది. నెల తిరిగేలోగా క్యాంపులోకి అమ్మవారు రానే వచ్చింది. ఇద్దరు ముసలివాళ్లను తీసుకుపోయింది గానీ, బడి పిల్లల్ని ముట్టలేదు. అధికారి ఆమె మీద పైవాళ్లకు ఫిర్యాదు రాశాడు. రాయచూరుకు పిలిపించి మందలించి పంపారు. ఆ మందలింపు ఆమెను పెద్దగా బాధించలేదు. తాళం వేసిన గుడిసె ముందు నుంచి నడిచినప్పుడల్లా మాత్రం ఆగి ఆ తాళం వైపు చూసేది.

ఎండాకాలం సెలవులు ముగిసి బడి తెరిచిన వారంలో అయ్యప్ప వచ్చాడు. పక్కన చిన్న కొడుకు ఒక్కడే ఉన్నాడు. వాడి ముఖం నిండా మచ్చలు. గిరిజమ్మ పెద్దవాడి కోసం అతని వెనక వెతికింది.

"వాడు లేడు పంతులమ్మా," అన్నాడు అయ్యప్ప.

ఆమె చేతిలోని సుద్దముక్క విరిగింది. నేను ఆ రోజు నోరు మూసుకుని ఉంటే అని మొదలుపెట్టింది. అయ్యప్పకు అర్థమైనట్టుంది.

"నువ్వు చెప్పినవు. నేనే ఇనలే," అన్నాడు. పిల్లాడి భుజం మీద చెయ్యి వేసి ముందుకు నెట్టాడు. "వీనికి ఎడమ కన్ను కనపడదు. ముందల కూసోబెట్టు."

గిరిజమ్మ పిల్లాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, ముందు వరసలో నల్లబల్ల వాడి కుడి వైపుకు వచ్చేలా, మంచి కన్నుకు అక్షరాలు ఆనేచోట చాప సర్ది కూర్చోబెట్టింది. అయ్యప్ప గుమ్మంలోనే నిలబడి, కొడుకు పలక మీద మొదటి గీత గీసేదాకా చూసి, పనికి వెళ్లిపోయాడు.