మొక్కు రాళ్ల దారి

హులికొండ మీద దారికి రంగు వేసింది స్వప్న. ఆ రంగు దేవుడైపోవడం మాత్రం ఆమె చేతిలో లేని పని.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయేటప్పుడు మధ్యలో బస్సు దిగి, కాస్త లోపలికి నడిస్తే బండపల్లె వస్తుంది. ఊరి వెనకే హులికొండ. హులి అంటే కన్నడంలో పులి. పేరులో పులి ఉందిగానీ ఇప్పుడక్కడ ఉన్నవి నెమళ్లూ, కుందేళ్లూ, సీతాఫలాల కాలంలో వచ్చిపోయే ఎలుగుబంటీ. కొండంతా సీతాఫలం పొదలు, కానుగ చెట్లు, వాటి మధ్య ఏనుగంత బండలు. పట్నం జనం ఈ మధ్య ఆదివారాలు కొండలెక్కడం మొదలుపెట్టారు గదా, వాళ్ల కోసం ఇక్కడొక నడక దారి వేద్దామని అటవీ శాఖవాళ్లకు తోచింది. వానలకు ముందు ఊరివాళ్లను కూలికి పెట్టి కంప కొట్టించారు. రంగు డబ్బాలు మాత్రం స్వప్న చేతికిచ్చారు, ఆమె పదో తరగతి దాకా చదివింది కాబట్టి.

దారి పొడవునా పెద్ద బండల మీద తెల్ల పట్టె, దాని కింద ఎర్ర పట్టె వేయాలి. ఒక గుర్తు దగ్గర నిలబడితే ఇంకో గుర్తు కనబడాలి. రేంజర్ మధుసూదన్ మాటలు తక్కువ మనిషి. ఆ రోజు మాత్రం విడమరిచి చెప్పాడు.

"దీపావళి అయిన తర్వాత ఆదివారం నేనే వస్తానమ్మా. నీ గుర్తులు చూసుకుంటూ, ఎవరినీ దారి అడక్కుండా పైకి చేరగలిగితే ఈ దారి తెరుస్తాం. వచ్చేవాళ్లకు తోడుగా ఏడాదంతా నీకు ఇక్కడే పని. దారి తప్పానంటే మూసేస్తాను. వేరే కొండలో మనుషులు తప్పిపోయి మా తల ప్రాణం తోకకొచ్చింది."

ఏడాదంతా ఇక్కడే పని! స్వప్నకు ఆ మాట చెవిలో మోగుతూనే ఉంది. దీపావళి దాటితే బండపల్లెలో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. పత్తి తీయడానికీ, మిరపకాయ కోయడానికీ గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. పిల్లలూ బడి మానేసి వెంట పోవలసిందే. స్వప్న కూతురు పోయినేడు నాలుగో తరగతి పుస్తకం సగం కూడా దాటలేదు. మూడో తరగతిలోనూ అంతే అయింది. ఈసారి పిల్ల చదువు ఆ రెండు పట్టెల మీద ఆధారపడి ఉందని స్వప్నకు తెలుసు. అందుకే ఇంటి గోడకు కూడా అంత శ్రద్ధగా సున్నం కొట్టనిది, బండలకు రంగు కొట్టింది.

ఇక్కడే వచ్చింది చిక్కు. గుడి గోడకు తెల్లగా సున్నం, ఎర్రగా జాజు పట్టెలు వేయడం మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్నదే. రంగు డబ్బాలు పంపిన ఆఫీసుకు ఆ సంగతి గుర్తు లేదు. రంగు వేసిన స్వప్నకూ తట్టలేదు. శ్రావణ మాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి పోయే జనం కొండ పక్కగా నడుస్తూ ఆ బండలు చూశారు. తెలుపు, ఎరుపు, నున్నటి బండ. ఇంకేం కావాలి? ఒకరు కుంకుమ పెట్టారు, ఇంకొకరు టెంకాయ కొట్టారు. అంతటితో ఆగినా బాగుండేది. మొక్కుకున్న ప్రతివాళ్లూ తమ పేరున చిన్న రాయి ఒకటి తెచ్చి, ఏ పొద కిందో నిలబెట్టి, దానికీ తెల్ల పట్టె, ఎర్ర పట్టె వేసిపోయారు. వాళ్లను చూసి బండపల్లె ఆడవాళ్లూ మొదలుపెట్టారు.

వానలకు స్వప్న కొండ ఎక్కలేదు. సంగతి మొదట కనిపెట్టింది ఆదోనిలో పత్తి విత్తనాల కొట్టు నడిపే తాహెర్ సేటు. ఒళ్లు తగ్గాలని డాక్టరు చెబితే, దారి తెరవకముందే స్నేహితులను వెంటేసుకుని కొండకు వచ్చాడు. పొద్దున పోయినవాడు మధ్యాహ్నానికి చెమటలు కక్కుకుంటూ, ఎక్కిన చోటికే దిగి వచ్చాడు.

"క్యా స్వప్నమ్మా, ఇదేం దారి తల్లీ? గుర్తు లేని రాయే లేదు గదమ్మా మీ కొండలో! యా పక్క పోయినా తెల్లది ఎర్రది, తెల్లది ఎర్రది. తిరిగిన చోటే తిరిగి నా పానం పోయింది."

స్వప్న పరుగున పోయి చూస్తే నిజమే. ఆమె వేసిన దారి నుంచి నాలుగు దిక్కులకూ మొక్కు రాళ్లు చీలిపోయి ఉన్నాయి. రేంజరుతో చెబితే మనుషులను పెట్టి గీకించేస్తాడు, ఊరు ఊరంతా తిరగబడుతుంది, దారీ పోతుంది, పనీ పోతుంది. ఎవరికీ చెప్పకుండా తానే గీకేయాలనుకుంది. మరునాడు ఎండ నడినెత్తికి వచ్చేవేళ ఇనుప బ్రష్షు కొంగులో దాచుకుని కొండెక్కింది.

మొదటి రాయి ముందు కూర్చుని చేయి ఎత్తిందో లేదో, వెనక అలికిడైంది. పక్కింటి తిమ్మక్క, చేతిలో చెంబు, ఊదుకడ్డీలు.

"ఏమ్మే, నువ్వు గూడా మొక్కనీకి వచ్చినావా? మీ యేసయ్య ఏమనుకోడా?" అని నవ్వింది తిమ్మక్క. అంతలో బ్రష్షు కనబడింది. నవ్వు ఆరిపోయింది. "ఏం జేస్తాండావే నా రాయిని?"

"ఇది నీ రాయా అక్కా?"

"నాదే. ఈ తూరి మా పిల్ల సుగ్గికి రాకుండా, బడిలో ఉండేటట్ల సూడు స్వామీ అని నిలబెట్టినా. ఈడుండేటివన్నీ అవే మొక్కులు. నీ మాదిరి అందరికీ సర్కారు పని ఇచ్చేటోళ్లు యాడున్నారు మాకు?"

స్వప్నకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కోపంగా అనేసింది.

"నాకు మాత్రం యాడిచ్చినారక్కా? మీ రాళ్లను సూసి సారు దారి తప్పితే కొండ మూసేస్తారు. నా బిడ్డ కూడా మీతోనే లారీ ఎక్కుతాది. మీ మొక్కులే మనల్ని సుగ్గికి తోలుతాండాయి!"

"అందుకని దేవుని మీద ఇనుము ఎత్తుతావా?" అంటూ తిమ్మక్క చెంబు అక్కడే వదిలేసి దిగిపోయింది.

సాయంత్రానికల్లా ఊరి రచ్చకట్ట దగ్గర ఆడవాళ్లంతా చేరారు. మాటలు పడ్డాయి. స్వప్న తల వంచుకుని పడింది. మొక్కుల విషయంలో ఊరికి పెద్ద దిక్కు దేవక్క. ఆమె వక్కాకు నములుతూ అంతా విని, చివరికి నోరు విప్పింది.

"తుడిపితే తప్పేలే స్వప్నా. నిలబెట్టిన దేవుని తుడపగూడదు. అయితే పిలుసుకుని పోతే రాడా? మెరవణి జేసి పిలిస్తే యాడికైనా వస్తాడు. నువ్వు సెప్పు, యా రాయి నీది, యా రాయి మాది?"

స్వప్న తలెత్తింది. "పెద్ద బండల మీద ఉండేది నా దారి. కింద నిలబెట్టిన చిన్నరాళ్లు మీ మొక్కులు."

"సరే. బండ మీది స్వామి బండ మీదనే ఉంటాడు. చిన్నోళ్లను కొండ మొదట్లో, సర్కారోళ్లు పాతిన బోర్డు పక్కన కూసోబెడదాం. ఎక్కేటోళ్లు ఆడనే దండం పెట్టుకుని ఎక్కుతారు. యామంటారు?"

అందరూ తిమ్మక్క వైపు చూశారు. ఆమె చాలాసేపు గాజులు తిప్పుకుంటూ కూర్చుంది.

"నా రాయి నేనే మోస్తా. ఇంగొకరు ముట్టుకోగూడదు" అంది చివరికి.

మెరవణికి, అంటే ఆ ఊరేగింపుకు, వాయించేవాళ్లు ఏదో పెళ్లికి పోయి ఉన్నారు. స్వప్న మొగుడు జాషువా ఆదివారాలు చర్చిలో డ్రమ్ము వాయిస్తాడు. అదే భుజాన వేసుకొచ్చాడు. అతనికి వచ్చింది క్రిస్మస్ దరువు ఒక్కటే. ఈరన్న స్వామి కూడా దానికేం అడ్డు చెప్పలేదు. ఆడవాళ్లు చేటల్లో కొత్త గుడ్డ పరిచి, తమ తమ రాళ్లతోపాటు, కనబడిన యాత్రికుల రాళ్లనూ నెత్తిన పెట్టుకుని పొదల్లోంచి వరసగా దిగుతుంటే, పిల్లలు ముందు గంతులేశారు. తిమ్మక్క స్వప్నతో ఒక్క మాటా మాట్లాడలేదు. కానీ పొదల మధ్య జారుడు చోట్ల స్వప్న చేయి పట్టుకునే దిగింది.

ఆదివారం రానే వచ్చింది. రేంజర్ మాట ప్రకారం స్వప్న ముందే పైకి పోయి కూర్చోవాలి. కేక వేయకూడదు, చేయి ఊపకూడదు. కింద పత్తి చేలు, దూరంగా ఆదోని మిల్లుల పొగ గొట్టాలు కనబడుతున్నాయి. అవేవీ ఆమెకు కనబడలేదు. కళ్లన్నీ ఎక్కి వచ్చే దారి మీదే. ఎండెక్కింది. రావలసిన వేళ దాటిపోయింది. ఎవరో పొరుగూరి యాత్రికులు నిలబెట్టిన రాయి ఎక్కడో మిగిలిపోయి ఉంటుందని, అంతా అయిపోయిందని అనుకుంది. సుగ్గికి మనుషులను తీసుకుపోయే మేస్త్రీకి ఫోన్ చేసి, లారీలో మాకూ చోటుంచమని చెప్పాలనుకుంది. అంతలో రొప్పు వినబడింది. ఆ రొప్పు తాహెర్ సేటుది. పోయినసారి ఎక్కలేని కొండ ఈసారైనా ఎక్కాలని రేంజరు వెంట వచ్చినట్టున్నాడు. అతని వెనకే మధుసూదన్.

"ఒకచోట తప్పాం" అన్నాడు రేంజర్, నీళ్లు తాగి. "పొద కింద ఒక రాయి చూసి అటు పోయాం. కొంచెం దూరం పోతే ఇంకో గుర్తు లేదు. వెనక్కొస్తే నీ బండ కనబడింది. తప్పినవాడు మళ్లీ పట్టుకోగలిగితే దారి బాగున్నట్టే. వచ్చే ఆదివారం నుంచి పనిలోకి రామ్మా."

స్వప్న రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చేసింది. తాహెర్ సేటు కంగారుపడి తన సంచిలోని కమలాపండు ఒలిచి ఆమె చేతిలో పెట్టాడు.

"కింద బోర్డు పక్కన ఆ రాళ్లేంటి?" అని అడిగాడు మధుసూదన్.

"మొక్కులు సార్. పిల్లోళ్లు సుగ్గికి పోకుండా బడిలో ఉండాలని."

అతను కాసేపు ఊరి వైపు చూశాడు. "నా దగ్గర ఉన్నది ఒక్క పనేనమ్మా" అన్నాడు మెల్లగా.

స్వప్న దిగి వచ్చేసరికి తిమ్మక్క వాకిట్లో గిన్నెలు మూట కడుతోంది. లారీ తెల్లవారితే బయల్దేరుతుంది. పని వచ్చిందని చెప్పడానికి స్వప్నకు నోరు రాలేదు. తిమ్మక్కే ఆమె ముఖం చూసి కనిపెట్టింది.

"వచ్చిందా పని? మంచిదే మ్మే" అంది, తల ఎత్తకుండా.

స్వప్న ఆమె పక్కన కూలబడి, మూటలోంచి చిన్న గౌను ఒకటి బయటికి లాగింది. తిమ్మక్క కూతురిది. దాని కింద బడి సంచి. వాటిని ఒళ్లో పెట్టుకుంది.

"పిల్లను నాకాడ వదిలిపో అక్కా. నా బిడ్డతో పాటే తింటాది, బడికి పోతాది. ఇంగా ఎవరన్నా వదిలిపోతామన్నా వదిలిపోమను. నేను ఈడనే ఉంటా గదా ఇప్పుడు!"

తిమ్మక్క చేతులు మూట మీదే ఆగిపోయాయి.

"నేను పోగూడదని మొక్కలేదే" అంది. "నా పిల్ల రాగూడదనే మొక్కినా."

లేచి లోపలికి పోయి, కూతురి పలకా, పుస్తకాలూ, దువ్వెనా, రాత్రి కప్పుకునే బొంతా తెచ్చి స్వప్న చేతుల్లో పెట్టింది. ఆ తర్వాత కూర్చుని, మూట మళ్లీ కట్టుకుంది. ఈసారి అది చిన్నదే అయింది.