పెనం అడుగు

ఆవిరి సన్నగా ఉంది.

పాకం కాచే కొట్టం కప్పు మీది ఆవిరి తలుపులు రెండూ బార్లా తెరిచే ఉన్నాయి. పొయ్యి నిండా మంట. అయినా ఆవిరి సన్నగానే లేస్తోంది, మొహమాటపడుతున్నట్టు.

ఏప్రిల్ పొద్దు. చెట్ల మొదళ్ళ చుట్టూ మంచు గుండ్రంగా కరిగింది. మేపుల్ కొమ్మల చివర మొగ్గలు ఎర్రబడ్డాయి. మొగ్గ విచ్చిందంటే చెట్టు నీళ్ళు వాసనేస్తాయి. ఇక ఈ ఏటికి అంతే.

ఈ ఏడు ఇదే ఆఖరి వంట. నాకు ఇదే మొదటి వంట.

మా నాన్న ఓడిలోన్ పద్ధతి వేరు. మేపుల్ చెట్టుకు గాటు పెడితే కారే తీపి నీళ్ళు వచ్చినవి వచ్చినట్టే పెనంలో పోసి, తెల్లవారింది మొదలు పొద్దుగూకే దాకా మరిగించేవాడు. నలభై బకెట్లకు ఒక బకెట్ పాకం. అంతసేపు మరిగి మరిగి దానికొక గోధుమరంగు వాసన పట్టేది. ఆ వాసనే మా ఇంటి పరువు అనుకుంటాడు నాన్న.

నేను మిషను తెచ్చాను. అది నీళ్ళను ముందే పిండేస్తుంది. పెనంలోకి వచ్చేసరికే అది సగం పాకం. నాలుగైదు బకెట్లకే ఒక బకెట్. గంటలో వంట అయిపోతుంది.

గంటలో అయ్యేది నిమిషంలో మాడుతుంది కూడా.

తెలుసు. తెలిసే తెచ్చాను.

మా పక్క అడవి సొంతదారు గెర్వే ఊరుకుంటాడా? ఆదివారం చర్చి మెట్ల మీదే మొదలెట్టాడు. "ఏం ఓడిలోన్, నీ కూతురు చెట్టు నీళ్ళను పిండి ఆరేస్తోందటగా!"

నాన్న అప్పుడు నవ్వాడు. ఇంటికొచ్చాక నవ్వలేదు.

"ఈ ఒక్కటీ నీ ఇష్టమొచ్చినట్టు కాచుకో, మిరెట్. పాకం మనదిలా ఉందా, అడివి నీది. లేదూ... గెర్వే ఎప్పట్నించో అడుగుతున్నాడు. వాడికిచ్చేస్తా."

ఎనిమిది వందల చెట్లు. ఒక్క చెంచా పాకం మీద.

పెనంలో మట్టం రెండు వేళ్ళ లోతుకు తగ్గకూడదు. అందుకే ఒక రేకు బుడ్డి నీళ్ళ మీద తేలుతూ ఉంటుంది. మట్టం తగ్గితే బుడ్డి దిగుతుంది, తూము తెరుచుకుని తొట్టిలోంచి కొత్త నీళ్ళు వస్తాయి. మట్టం నిండితే లేస్తుంది, తూము మూసుకుంటుంది.

పెనం పైన దూలానికి ఒక మేకు. నిన్నటిదాకా ఆ మేకుకు దారంతో ఉప్పేసిన పంది కొవ్వు ముక్క వేలాడేది. తాత కాలం నుంచీ అంతే. పొంగిన నురుగు దాన్ని తాకితే చాలు, నోరు మూసుకుని దిగిపోయేది. కొనేవాళ్ళు మాంసం తగలని పాకం అడుగుతున్నారని పొద్దున్నే తీసేశాను. ఒక చుక్క నూనె చాలన్నాను.

నాన్న ఖాళీ మేకు వైపు చూశాడు. బయటికి వెళ్ళిపోయాడు. ఆయన పాకాన్ని లోపల నిలబడి చూడడు. కట్టెల మోపు పక్కన నిలబడి, కప్పు మీది ఆవిరిని చూస్తాడు.

నూనె చుక్క వేశాను. నురుగు దిగింది.

మళ్ళీ లేచింది. మళ్ళీ చుక్క.

మళ్ళీ లేచింది —

బుడ్డి వైపు చూశాను. పైకి లేచే ఉంది. మట్టం నిండుగా ఉంది, బతికాను.

కానీ వాసన ఏదీ? తీపి ఉంది, వేడి ఉంది, వాసన లేదు. ఈ పాకం నాన్న నోటికి ఏమానుతుంది?

అప్పుడు వచ్చింది.

గోధుమరంగు వాసన. మా వాసన.

సంతోషంతో ఏడుపొచ్చింది నాకు. ఎంత పిచ్చిదాన్ని!

తలుపు దబ్బున తెరుచుకుంది.

"ఏయ్ పిల్లా! ఆవిరి ఆగిపోయింది, నిద్రపోతున్నావా?"

నాన్న. చలిలోంచి వేడిలోకి రాగానే కళ్ళద్దాలు తెల్లబడ్డాయి. తడుముకుంటూ వచ్చి కోటు జేబులోంచి చేతిరుమాలు మూట తీశాడు. అందులో కొవ్వు ముక్క. దారంతో సహా. పొద్దున్నించీ జేబులోనే పెట్టుకున్నాడు, గట్టివాడు!

నురుగులో ఆడించాడు. నురుగు కూలింది.

కూలిన చోట పెనం అడుగు కనిపించింది. బుడ్డిని ఇంతసేపూ లేపి ఉంచింది నురుగు. నీళ్ళు కాదు.

అరచేయంత నల్లమచ్చ.

ఒక్క క్షణం. బుడ్డి దిగింది, తూము తెరుచుకుంది, నీళ్ళు బుస్సున వచ్చి మచ్చను కప్పేశాయి.

నాన్న అద్దాలు ఇంకా తెల్లగానే ఉన్నాయి.

"నీ నూనె చుక్కలూ నువ్వూ!" అన్నాడు.

కాసేపటికి పాకం కుదిరింది. గరిటె అంచున చుక్కలుగా విడిపోకుండా పల్చటి రేకులా జారింది. నాన్న చెంచాతో తీసుకుని, ఊది, నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకున్నాడు.



"మనదే," అన్నాడు. "గంటలో ఈ వాసన ఎలా పట్టించావే? నేను నమ్మలేదు సుమా. సరే... అడివి నీది."

నోరు తెరిచాను. చెప్పాలి. అది మరిగిన వాసన కాదు నాన్నా, మాడిన వాసన...

నోరు మూసుకున్నాను.

వచ్చే ఏడు ఈ వాసన ఎక్కణ్ణించి తేను? ప్రతిసారీ మాడే అంచు దాకా పోయి ఆగాలా?

మంట చల్లారింది. పెనంలో ఇంకా నాలుగు వేళ్ళ లోతున ముదురు రంగు తీపి నీళ్ళు. చల్లారాక వంచేసి కడగాలి. ఏటా ఆఖరి వంటయ్యాక పెనం కడిగేది నాన్నే. బట్టతో కాదు, అరచేత్తో. అడుగంతా తడిమి తడిమి.

"ఈసారికి నేను కడుగుతాలే నాన్నా."

"పోవే. అడివి ఇచ్చాను గానీ పెనం ఇవ్వలేదు."

చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకున్నాడు. కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, వెలుతురుకు పట్టి చూసి, పెట్టుకున్నాడు.

పెనం మీద ఆవిరి సన్నగా ఉంది.

ఇంకా సన్నబడుతోంది...