చైత్రకు చెప్పాల్సిన మాట

చెప్పెయ్యాలి, ఈ ప్లేటు కింద పెట్టగానే చెప్పెయ్యాలి అనుకుంటూనే వసుంధర ఇంకో మొక్కజొన్న పొత్తు వడ్డించుకుంది, సిడ్నీ శివారు స్కోఫీల్డ్స్‌లో కొత్త ఇళ్ళన్నీ ఇంతే, పెరడంటే ఎత్తయిన కంచెల మధ్య ఇరుకు, బార్బెక్యూ పొయ్యి పొగకు కూడా దారి దొరకదు, ఎటు తిరిగినా నీ సిరీస్ ఛానెల్ వాళ్ళు తీసుకుంటున్నారటగా, కంగ్రాట్స్, కోటేశ్వరరావు అంకులైతే ప్రొడ్యూసర్ గారు ఇహ మనతో మాట్లాడతారంటారా అని నవ్వుతున్నాడు, తనూ నవ్వుతోంది, దవడలు లాగేస్తున్నాయి, నిన్న ఛానెల్ ఆఫీసులో ఫియోనా ఏమందో వీళ్ళకేం తెలుసు, సిరీస్ మాకు చాలా నచ్చింది వసుంధరా, కాకపోతే డిటెక్టివ్‌గా జనానికి తెలిసిన ముఖం కావాలి, మీ చైత్ర పక్కన కానిస్టేబుల్‌గా ఉంటుంది, షి విల్ బి లవ్లీ, అంది, తను తలూపి వచ్చింది.

ఎన్నిసార్లు ఊపలేదు, సెట్‌లో గొడుగులు పట్టుకున్న రోజులనుంచీ ఊపుతూనే ఉంది, సొంత కంపెనీ పెట్టుకున్నాకా అంతే, ఏ కథ పట్టుకెళ్ళినా వంటల షో చేసి పెట్టమన్నారు, కూరలో పసుపు ఇంకాస్త వెయ్యండి, కెమెరాకు రంగు బావుంటుంది అన్నారు, వేయించింది, ఇదొక్క మెట్టు ఎక్కితే నా కథ నేను తీయొచ్చని, చివరికి ఇక్కడే పక్కన రౌస్ హిల్‌లో పెరిగిన తెలుగు డిటెక్టివ్ కథ రాయించింది, తెలుగు అసోసియేషన్ నాటకంలో చైత్రను చూసి ఇదే నా డిటెక్టివ్ అనుకుంది, ఆ పిల్ల ఫార్మసీ ఉద్యోగం మానేసింది, ఇదిగో వాళ్ళమ్మ సీతారావమ్మ ఆంటీ చెయ్యి పట్టుకుని వదలదు, నడుం దాకా జుట్టమ్మా, నీ పోలీసు వేషం కోసమని కత్తిరించేసుకుంది, నేను ఏడ్చాననుకో, ఇప్పుడు చూస్తే దీనికిదే బావుంది, ఏం తినట్లేదేంటి తల్లీ.

వసూ ఆంటీ, యూ ఓకే, అంటూ చైత్ర వచ్చి నిలబడింది, ఆ ఇంటరాగేషన్ సీన్ ప్రాక్టీస్ చేశాను, వాచ్ దిస్ అని, పొయ్యి దగ్గరున్న అంకుల్ వైపు తిరిగి ఊరికే చూసింది, ఒక్క మాట లేదు, అంకుల్ చేతిలో పట్టకారు ఆగిపోయింది, నవ్వుతున్నవాళ్ళు నవ్వు మరిచిపోయారు, ఈసారికి సర్దుకోమ్మా, సెకండ్ సీజన్‌లో చూద్దాం, అని దారంతా వల్లె వేసుకున్న మాట వసుంధరకు ఇక పనికిరాదనిపించింది, అంతలో ఫోన్, ఫియోనా, చెప్పావా, ఆ అమ్మాయి ఒప్పుకుందా, లేదు ఫియోనా, నేనే ఒప్పుకోవట్లేదు, డిటెక్టివ్ చైత్రే, అన్నది తన గొంతేనా, దెన్ వి కాన్ట్ గో అహెడ్, ఐ యామ్ సారీ, అని ఫియోనా ఫోన్ పెట్టేసింది, చైత్ర మొహం పాలిపోయింది, పక్కనే నిలబడి తనన్నది విన్నది, ఏడుస్తుందేమో, తిడుతుందేమో, తిట్టనీ, దానికి నిజం చెప్పాలి, కూర్చోబెట్టి మొత్తం చెప్పాలి, ఇన్నేళ్ళ కష్టం పోయిందన్న భయం ఇప్పుడు మీద పడుతుందని వసుంధర ఎదురుచూసింది, పడలేదు, ఎందుకంటే తను తీయాలనుకున్నది ఈ పిల్ల చూసిన ఆ చూపునే, వేరే ముఖానికి తలూపిన క్షణానే అది పోయింది, నిన్నటినుంచీ తను పోకుండా పట్టుకు వేలాడుతున్నది తన సిరీస్ కానే కాదు.