ఒకే గదిలో రెండు సైట్లు

ఒక్క మెషీన్ మీద నలభై వెబ్‌సైట్లు నడిపేవాడు తమ్ముడు. దాన్ని లోపల చిన్న చిన్న సర్వర్లుగా విడగొట్టి, ఒక్కొక్కరికీ ఒక్కో గది ఇచ్చినట్టు ఇచ్చాడు. ఒకరి గదిలోంచి మరొకరి గదిలోకి తొంగిచూడటం ఎవరి తరమూ కాదు. బేకరీవాడిదైనా, మెకానిక్‌దైనా, ముక్కూమొహం తెలియనివాళ్ళదైనా అంతే. ఆ విషయంలో అతను చండశాసనుడు.

మినహాయింపు ఒక్కటే. అక్కదీ బావదీ ఒకే గది. అక్క కౌన్సెలర్. మనసు బాగోలేని ఆడవాళ్ళు తమ గోడంతా ఆమె సైట్‌లో గుట్టుగా రాసుకుంటారు. బావది ఫొటో స్టూడియో. "మొగుడూ పెళ్ళాలకి వేరు గదులేంట్రా, నలుగురూ వింటే నవ్విపోతారు" అని బావ పరాచికమాడితే, తమ్ముడు కూడా పళ్ళికిలించి ఇద్దరినీ ఒకేచోట పడేశాడు. ఇంటివాళ్ళ దగ్గర నియమాలేమిటని మొహమాటం. కొంపలు ముంచేది ఈ పాడు మొహమాటమే.

సోమవారం ఉదయం అక్క నేరుగా అతని ఆఫీసుకు వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"టైలరమ్మ నాకు రాసుకున్నదంతా వాళ్ళాయనకి తెలిసిపోయిందిరా. నిన్న ఇల్లు పీకి పందిరేశాడట. నేనే చెప్పానని ఆవిడ అనుకుంటోంది. నా సైట్‌లోకి ఎవడు దూరాడో చూడు."

అక్క వరండాలో పచార్లు చేస్తుంటే, తమ్ముడు బయటి దొంగ కోసం రెండు గంటలు జల్లెడ పట్టాడు. దొంగ లేడు. ఏ ఫైలు ఎవరు తెరిచారో నమోదయ్యే చోట మాత్రం స్టూడియో లాగిన్ కనిపించింది. ఒకసారి కాదు, ఆరు నెలలుగా, వారానికి రెండు మూడుసార్లు. టైలరమ్మ మొగుడు బావకు ప్రాణస్నేహితుడు. తమ్ముడు అక్కను లోపలికి పిలిచాడు.

"బావే అక్కా" అన్నాడు.

అక్క ఏడవలేదు.

"ఊళ్ళో వాళ్ళందరికీ అడ్డం కట్టావు. నాకెందుకు కట్టలేదురా?"

ఇప్పుడే వేరు చేసేస్తానన్నాడు. పది నిమిషాల పని అది. పది నిమిషాలని చెప్పడానికి సిగ్గేసింది.

"చెయ్యి. మీ బావ సంగతి నేను చూసుకుంటా. నాకు రాసినవాళ్ళందరికీ మాత్రం నువ్వే ఫోన్ చేసి జరిగింది చెప్పు. నాకు నోరు రాదు."

నంబర్లన్నీ కాగితం మీద రాసిచ్చి వెళ్ళిపోయింది.

అతను మొదటి నంబరుకు చేశాడు. అవతల ఆవిడ అంతా వింది.

"మీరు ఆమెకి ఏమవుతారు?"

"తమ్ముణ్ణండీ."

"అయితే మీరూ చదివారా?"

పొద్దున దొంగను వెతికే నెపంతో అతను తెరిచిన ఉత్తరాల్లో ఈవిడదీ ఉంది. తెరవాల్సిన అవసరమే లేదు. తెరిచి, ఆఖరి దాకా చదివాడు.

"అబ్బే, లేదండీ" అన్నాడు.