మగ్గం చప్పుడు

నేను ఒక టేప్ రికార్డర్‌ని. నల్లటి ఒళ్ళు, ఆరు గుండీలు, అందులో ఒకటి ఎర్రది. ఏ చప్పుడు మంచిదో, ఏది కాదో నాకెవరూ నేర్పలేదు. వినబడిందల్లా టేపు మీద పెట్టడమే నా పని. మనుషులు అలా కాదు. ఒకటి వింటారు, పక్కనున్నదాన్ని విననట్టే ఊరుకుంటారు.

నన్ను మొదట ఒక బడికి కొన్నారు, పిల్లలకు పాఠాలు వినిపించడానికి. పాడవుతానని హెడ్‌మాస్టరు గారు బీరువాలో పెట్టి తాళం వేశారు. తొమ్మిదేళ్లు పాడవకుండానే ఉన్నాను. తర్వాత పాత సామాన్లతో పాటు వేలం వేస్తే, మార్కండేయులు అనే నేత పనివాడు నన్ను భుజాన పెట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. ఆయనకు తత్వాలు పాడడమంటే ప్రాణం.

ఆ రోజే పాడడానికి కూర్చున్నాడు. వెనక గుంటమగ్గంలో భార్య నేస్తోంది.

"ఓ ఆండాలూ, జర ఆగవే. పాట పట్టుకుంటున్న."

"పట్టుకో. నేనేమన్న నీ నోరు మూసిన్నా? పొద్దుగూకే వరకు చీర పూర్తి చెయ్యాలె."

ఆమె మాట విన్నాను గాని దాచుకోలేకపోయాను. ఎర్ర గుండీ ఇంకా నొక్కలేదు. నొక్కాక ఆయన పాట వచ్చింది, దాని కింద టక్, టక్ అని మగ్గమూ వచ్చింది. రెండూ పెట్టుకున్నాను.

టేపు వేసినప్పుడల్లా మార్కండేయులు విసుక్కునేవాడు. "ఈ చప్పుడు లేకుంటే పాట ఎంత మంచిగుండు!" మగ్గం ఆగిన రోజు మళ్లీ పాడతాననేవాడు. ఆండాలు ఉన్నన్నాళ్లూ అలాంటి రోజు రాలేదు.

వాళ్ల కూతురు వినోద నా జాలీకి చెవి ఆనించి కూర్చునేది. మగ్గం చప్పుడు మారగానే ముందు గదిలోంచే "అమ్మా, దారం తెగింది" అని అరిచేది. అప్పటికి ఆండాలు కూడా చూసుకుని ఉండేది కాదు. ఒకసారి తండ్రితో అంది: "నేను పెద్దగైనంక ఆ చప్పుడు తీసేస్త నాయినా."

ఆయన నవ్వాడు. వినోద నవ్వలేదు.

పెద్దయ్యాక హైదరాబాదు చేరిన వినోద ముందు మైకుసెట్టు దుకాణంలో వైర్లు చుట్టింది. ఆడపిల్లకు ఇదేం పనని అడిగినవాళ్ల ముందే చుట్టింది. తర్వాత డబ్బింగ్ స్టూడియోలో చేరింది. పదేళ్లలో, "వినోద మేడంకిస్తే దోమ చప్పుడు కూడా మిగలదు" అనే పేరు తెచ్చుకుంది.

ఆండాలు మగ్గం దగ్గరే ఒరిగిపోయింది. ఆ తర్వాత మగ్గం ఊడదీశారు. సంవత్సరీకం దగ్గర పడ్డప్పుడు, టేపుతో సహా నన్ను వినోద స్టూడియోకు తెచ్చుకుంది. పాటను కంప్యూటర్‌లోకి ఎక్కించి, మూడు రోజులు కూర్చుని, ఒక్కొక్క దెబ్బనూ ఏరి తీసేసింది. శుభ్రమైన పాటను పాతదాని మీదే సేవ్ చేసింది. పూర్తయిన పనినే ఉంచుకోవడం ఆమె అలవాటు. టేపు వెనక్కి తిప్పుతుంటే నా అరిగిన రబ్బరు చక్రం దాన్ని నలిపి ముక్కలు చేసింది. "పోనీ, పనైపోయింది కదా" అంది.

తండ్రిని పిలిపించి హెడ్‌ఫోన్లు పెట్టింది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. కాసేపటికి కళ్లు తెరిచి ఆమె వైపు చూశాడు.

"మంచిగుంది బిడ్డా. మీ అమ్మ ఏది?"

"అమ్మ పాడలేదు కద నాయినా."

"పాడలే. నేసింది."

వినోద కంప్యూటర్ వైపు తిరిగింది. పాత పాట కోసం వెతికింది. నా మూత తెరిచి, నలిగిన టేపును వేళ్లతో సాపు చేసి, మళ్లీ వేసింది. గరగరమన్నాను. అంతే వచ్చింది.

"ఊకో బిడ్డా. తియ్యమన్నది నేనే" అన్నాడాయన. హెడ్‌ఫోన్లు తీసి, "మళ్ల పాడుత, పట్టుకో" అన్నాడు.

గోడలకు మెత్తలు వేసిన గదిలో మైకు ముందు కూర్చున్నాడు. మొదటి వరుస పాడి ఆగాడు. మళ్లీ మొదలుపెట్టి అక్కడే ఆగాడు. ఆ జాగాలో రెండు మగ్గం దెబ్బలు పడాలి. బల్ల కింద ఆయన పాదాలు మగ్గం తొక్కుతున్నట్టు ఒకదాని తర్వాత ఒకటి కదిలాయి. ఏ చప్పుడూ రాలేదు. అద్దం అవతల వినోద గుండీ మీద వేలు పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు నేను ఆ గదిలోనే అలమారా మీద ఉన్నాను. పనిచేస్తుందా అని వచ్చినవాళ్లు అడుగుతుంటారు. "ముట్టుకోకండి" అంటుంది వినోద. నలిగిన టేపు నాలోనే ఉంది. నేను పోగొట్టిందాన్ని నేనే కాపలా కాస్తున్నాను.