అడిగే పద్ధతి

"పొయ్యి ఎవరు ఆపలేదు?" అని భర్త మెల్లగా అడిగాడు.

ఆయన ఎప్పుడూ మెల్లగానే అడుగుతాడు. పోలీసు శాఖలో పేరున్న అధికారి. చెయ్యెత్తడు, గొంతు పెంచడు. అంతకంటే మంచి మొగుడు ఎక్కడ దొరుకుతాడే అని పుట్టింటివాళ్లు కూడా అంటారు.

ఆమె అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి మాడిన పాలగిన్నె తోముతోంది. పాలు పెట్టి టీవీ ముందు కూర్చున్నది అత్తగారు. ఆమె ఆ మాటే చెప్పింది. ఆయన ఆమెను కూర్చోబెట్టి, మోకాళ్లు తగిలేంత దగ్గరగా కుర్చీ లాక్కున్నాడు. వడ్డించిన కంచం ఆమె ముందుకు జరిపి, పైన అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"ముందు చెప్పు. చల్లారిపోతుంది."

మళ్లీ అదే ప్రశ్న. మళ్లీ. చివరికి "నేనే" అంది. నిజంగా తనేనేమో అని కూడా అనిపించింది.

"చూశావా, ఈ ముక్క ముందే అంటే ఇంతసేపు పట్టేదా?" అంటూ చెయ్యి తీశాడు.

"మావాడు అడిగితే రోలు కూడా తప్పు ఒప్పుకుంటుంది," అని అత్తగారు నవ్వింది. ఆమె కూడా నవ్వింది. కాపురమన్నాక సర్దుకుపోవాలి కదా.

చేయని నేరానికి శిక్ష పడ్డవాళ్ల కేసులు తిరగదోడే చిన్న సంస్థలో ఆమె ఉద్యోగం. మర్నాడు లాయరుతో కలిసి జైలుకు వెళ్లింది. యజమానిని చంపాడని యావజ్జీవం పడ్డ వంటవాడు ఎదురుగా కూర్చున్నాడు. మేజిస్ట్రేటు ముందు అతను నేరం ఒప్పుకోవడం తప్ప ఆ కేసులో వేరే రుజువు లేదు.

"కొట్టారా?" అన్నాడు లాయరు.

"కొట్టినా ఓర్చుకునేవాణ్ణి సార్. కాగితాల మీద సంతకం చేసిన ఎస్సై చివర్లో వచ్చాడు. అడిగినాయన వేరే, పేరు తెలీదు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. అన్నం ముందు పెట్టి చెయ్యి అడ్డం పెట్టాడు. 'ముందు చెప్పు, చల్లారిపోతుంది' అన్నాడు. తెల్లారేసరికి, నేనే చంపానేమోనని నాకే అనుమానమొచ్చిందమ్మా."

ఆమె కలం ఆగిపోయింది. "ఒప్పుకున్నాక ఏమన్నాడు?"

"చూశావా, ఈ ముక్క ముందే..." అని అతను మొదలుపెట్టాడు. మిగతా సగం ఆమె పెదవులే పలికాయి, చప్పుడు లేకుండా.

బయటికొచ్చాక లాయరు నిట్టూర్చాడు. "గదిలో ఉన్నది ఇద్దరే. వీడి మాట ఎవరు నమ్ముతారు? అలా అడిగే మనిషి ఒకడున్నాడని చెప్పే సాక్షి ఉంటే కేసు మళ్లీ తెరవొచ్చు. లేదంటే అప్పీలు గడువు సోమవారంతో సరి. ఇక జన్మంతా లోపలే."

సాయంత్రం దేవుడి పటం ముందు చాలాసేపు నిలబడింది. కట్టుకున్నవాడి గుట్టు బయటపెట్టడం పాపమా స్వామీ అని అడిగింది. దేవుడికి అన్నీ తెలుసు, నిజమే. కానీ దేవుడు వచ్చి బోనెక్కడు కదా. ఆ మాట అనుకున్నందుకు చెంపలు వేసుకుంది. అయినా అది మనసులోంచి పోలేదు.

వెనక తలుపు గడియ పడింది.

"ఇవాళ జైల్లో ఎవరిని కలిశావు?" మెల్లగా.

ఆమె వెనక్కి తిరగలేదు. లాయరుకు ఫోను కలిపింది.

"సోమవారానికి సాక్షి దొరికింది సార్. మావారు ఇక్కడే నిలబడి వింటున్నారు. నా పేరు రాసుకోండి."