కుడివైపు తిరిగిన విమానం

జాయ్‌స్టిక్ మంచిదో కాదో చెప్పడంలో ఆవిడకు మొహమాటం అనేది లేదు. కంప్యూటర్లో విమానాలు నడిపేవాళ్ల కోసం కంపెనీ తయారుచేసే ప్రతి కొత్త రకమూ ముందు ఆవిడ బల్ల మీదికి రావలసిందే. అడుగుభాగం బరువు చూస్తుంది, పిడిని నాలుగువైపులా వంచుతుంది, ఒక్కో బటనూ నొక్కి చప్పుడు వింటుంది. పిడి వదిలేశాక తెర మీది గుర్తు నడిమధ్యన నిలవకుండా ఏ పక్కకైనా జరిగిందా, ఇక అంతే సంగతులు. ఇంజనీర్లు కాళ్లావేళ్లా పడ్డా వినదు.

పక్షవాతంతో భర్త కుడిచెయ్యి పడిపోయాక ఆ వస్తువులు ఇంటికీ రావడం మొదలయింది. ఆయన క్రేన్ ఆపరేటరు. ఇంతలేసి ఇనుప దూలాలను ఒక్క పిడితో గాల్లో ఆడించినవాడు. ఇప్పుడా చేతికి కదలికా లేదు, స్పర్శా లేదు. వేడి గ్లాసు తగిలినా తెలియదు. "ఇష్టమైన పనేదైనా చేతికివ్వండి, ఆశ వదలకండి" అంది ఫిజియోథెరపీ డాక్టరమ్మ. వదలమంటే మాత్రం ఎవరు వదులుతారు!

అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఆవిడ తెచ్చిన ప్రతిదాన్నీ ఆయన తిట్టేవాడు. "ఇదేం స్ప్రింగే, బండరాయిలా ఉంది!" ఆవిడ ఇంకా మెత్తనిది వెతికి తెచ్చేది.

ఆ ఆదివారం పెట్టెలోంచి తీసింది ఇంకా పరీక్షించని నమూనా. ఆయన ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి పిడి మీద పెట్టుకున్నాడు. తెర మీద విమానం నెమ్మదిగా కుడివైపు ఒరిగి, తిరగసాగింది.

"ఏమే! చూశావా? నేనే తిప్పాను!"

ఆవిడకు ప్రాణం లేచివచ్చింది. పరుగున వచ్చి ఆ చేతిని చూసింది. ఒక్క వేలు కదలడం లేదు. మణికట్టులో ఒక్క నరం బిగియడం లేదు. పిడి నిటారుగా ఉంది. ఎవరూ ముట్టకపోయినా విమానాన్ని కుడికి లాగే రోగం దానిది. కంపెనీలో అయితే ఈపాటికి పక్కన పారేసి ఉండేది.

"ఏవండీ, అదీ..."

"ముందు అక్కకి ఫోన్ చెయ్యి! నేను మళ్లీ క్రేన్ ఎక్కుతానని చెప్పు!"

జబ్బు చేశాక ఆ ముఖంలో నవ్వు చూడటం అదే మొదలు. ఎంతమంది ముందైనా కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడే ఆ మనిషే ఇప్పుడు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టింది.

విషయం విని అవతల వదినగారు ఆనందం పట్టలేక ఏడుస్తోంది. ఆయన తెర మీంచి చూపు తిప్పకుండా చెబుతున్నాడు. "అదిగో అక్కా, ఇంకా తిప్పుతున్నాను! ఇంకా!"

అప్పటికే కుడిచెయ్యి పిడి మీంచి జారి ఒళ్లో పడింది. ఆయనకు తెలియలేదు. విమానం తిరుగుతూనే ఉంది.

ఆయన కిందికి చూడకముందే ఆవిడ చప్పుడు కాకుండా వంగి, ఆ చేతిని ఎత్తి మళ్లీ పిడి మీద పెట్టింది.